వానలు పడకముందే వైపర్ బ్లేడ్ల పని చూసుకోండి

మన ఊళ్లలో వైపర్ రబ్బరు ఎండాకాలంలో పాడవుతుంది, ఆ సంగతి మొదటి పెద్ద వానకి బయటపడుతుంది. అదీ ఎక్కువగా రాత్రిపూట, హైవే మీద, ఎదురు లారీల లైట్లు కళ్లలో కొడుతుండగా. అందుకే వైపర్ల పని చూసుకోవడానికి మంచి సమయం మే నెలాఖరు, రోహిణి కార్తె నడుస్తుండగానే. రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, ఆ ఎండలో చెయ్యి పెట్టలేనంత కాలే అద్దానికి రోజంతా ఒత్తుకుని ఉండే సన్నటి రబ్బరు పట్టీ ఎన్నాళ్లు మెత్తగా ఉంటుంది? రామగుండంలోనో విజయవాడలోనో మార్చి నుంచి ఆరుబయట ఆపిన కారుకి, జూన్ వచ్చేసరికి రబ్బరు గట్టిపడి, అంచు ఒక పక్కకి వాలిపోయి అలాగే ఉండిపోతుంది. మృగశిర వానకి స్విచ్ వేస్తే అది నీళ్లను తుడవదు, అద్దమంతా పులుముతుంది.

దీనికి మెకానిక్ పని తెలియక్కర్లేదు. ఒక పాత తువ్వాలు, బకెట్ నీళ్లు, మెత్తటి గుడ్డ, కొలిచే టేపు ఉంటే ఇంటి ముందే అయిపోతుంది. మామూలు బ్లేడ్ల జత వందల్లోనే వస్తుంది. అదే రబ్బరు చిరిగి, లోపలి ఇనుప పట్టీ అద్దాన్ని గీరిందంటే, గోరు పెడితే తగిలేంత గీత పడితే, అది పాలిష్‌కి సరిగ్గా పోదు. అద్దమే మార్చాలి, వేలల్లో ఖర్చు. పైగా బాగా పనిచేసే వైపర్ బండికి ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, 101వ నిబంధన అదే.

ముందు అద్దం సంగతి చూడండి

వైపర్ గీతలు పెడుతోందనగానే షాపుకి పరిగెత్తకండి. చాలాసార్లు బ్లేడు బాగానే ఉంటుంది, అద్దం మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది. లారీల పొగ, ముందు వెళ్లే బండి చిమ్మే రోడ్డు జిడ్డు, వరి కోతలప్పుడు రాత్రి ప్రయాణంలో అద్దానికి కొట్టుకుని చచ్చే పురుగులు, ఇవన్నీ కలిసి అలా పేరుకుంటాయి. మామిడి పూత సమయంలో చెట్టు కింద ఆపితే తేనెమంచు పురుగు వల్ల జిగురు కారి అద్దమంతా అంటుకుంటుంది. దసరాకి ఆయుధ పూజ చేసినప్పుడు అద్దానికి పెట్టే పసుపు, కుంకుమ, గంధం బొట్లు కూడా ఇందులోకే వస్తాయి. పూజ చేసుకోండి, బొట్లు బానెట్ మీద పెట్టుకోండి, వైపర్ తిరిగే చోట వద్దు. వైపర్లకి చుట్టిన పూలదండలు మర్నాడే తీసేయండి, ఆ దారం బ్లేడుని పట్టుకుని తిప్పే ఇనుప చెయ్యి, అంటే ఆర్మ్ మొదట్లో చుట్టుకుంటే లాగడం కష్టం.

అద్దం శుభ్రంగా ఉందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. అద్దం కడిగాక, వేళ్లకి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని నెమ్మదిగా రాయండి. ఉత్త చేతికి తెలియని గరుకు కూడా కవర్ మీంచి తెలుస్తుంది. గరుగ్గా తగిలితే ఆ పొర పోలేదన్నమాట, దాని మీద ఎంత ఖరీదైన కొత్త బ్లేడు వేసినా కిరకిరమంటూనే ఉంటుంది.

కడిగేటప్పుడు మొదట ధారగా నీళ్లు పోసి దుమ్ము దిగనివ్వాలి. పొడి గుడ్డతో తుడవడం, పొడి అద్దం మీద వైపర్ వేయడం, ఈ రెండూ అద్దానికి శత్రువులు. పొద్దున్నే డ్యూటీకి వెళ్లేటప్పుడు దుమ్ము మీద ఒకసారి వైపర్ తిప్పేసి బయల్దేరడం చాలామందికి అలవాటు. తాండూరులో నాపరాళ్ల పొడి, పల్నాడులో సిమెంటు దుమ్ము, సింగరేణి ఊళ్లలో బొగ్గు ధూళి, ఇలాంటి చోట్ల ఉండేవాళ్లు ఈ అలవాటు తప్పకుండా మానుకోవాలి, ఎందుకంటే ఆ రేణువులు రబ్బరు అంచులో ఇరుక్కుని గరుకు కాగితంలా పనిచేస్తాయి. చలికాలంలో మంచు పడి అద్దం తడిగా ఉంటుంది కదా, పర్వాలేదు అనుకోకండి, ఆ తడి దుమ్ముని కడిగేంత ఉండదు, బురద చేస్తుంది అంతే. ముందు మగ్గుడు నీళ్లు పోయండి.

దుమ్ము పోయాక కార్ షాంపూతో కడిగి, జిడ్డు మిగిలితే గ్లాస్ క్లీనర్ గానీ, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గానీ గుడ్డకి అద్దుకుని తుడవండి. బోరు నీళ్లతో కడిగే కార్లకి తెల్లటి చుక్కలు పడతాయి, అవి సబ్బుకి లొంగవు. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఆ చుక్కల మీద కొద్ది నిమిషాలు పరిచి ఉంచి, రుద్ది, బాగా కడిగేయండి. పెయింటు మీద, రబ్బరు మీద కారకుండా చూసుకోండి. ఎండలో, అద్దం కాలుతున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు, ఏది పూసినా తుడిచేలోపే ఆరిపోయి కొత్త మరకలవుతుంది. వైపర్లు ఆగి ఉండే కింది భాగాన్ని మర్చిపోకండి. కారు కడిగేవాళ్లు ఆర్మ్ లేపకుండా పైపైన తుడిచేస్తారు, అక్కడ పేరుకున్న మట్టినే బ్లేడు ప్రతిసారీ పైకి ఈడ్చుకెళ్తుంది.

అద్దం కింద, బానెట్‌కి మధ్య నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. అందులో చేరిన ఆకులు చేత్తో ఏరేయండి. అవి కుళ్లి నీళ్లు పోయే దారి మూసేస్తే పెద్ద వానకి నీళ్లు కారు లోపలికి దిగే ప్రమాదం ఉంది.

రబ్బరు శుభ్రం చేయడం

ఆర్మ్ లేపి, తడి గుడ్డని రెండు వేళ్ల మధ్య పెట్టి, రబ్బరు అంచుని పట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకి లాగండి. నల్లగా వస్తుంది. గుడ్డ మడత మార్చి మళ్లీ లాగండి, నలుపు బాగా తగ్గాక ఆపేయండి. పూర్తిగా రాకుండా అయ్యేదాకా రుద్దకూడదు, చాలా బ్లేడ్ల రబ్బరుకి జారడం కోసం గ్రాఫైట్ పూత ఉంటుంది, అది కూడా నల్లగానే వస్తుంది, మరీ రుద్దితే అదీ పోతుంది. వారానికి ఒకసారి, కారు కడిగినప్పుడల్లా ఇంతమాత్రం చేస్తే చాలు.

పెట్రోలు, డీజిలు, కిరోసిను, థిన్నర్, వీటిలో ఏదీ రబ్బరుకి తగలనివ్వకండి. కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ నూనె అద్దానికి ఎక్కి, రాత్రి వానలో ప్రతి లైటూ సాగిపోయి కనిపిస్తుంది, ఏమీ రాయని పాత బ్లేడే దానికన్నా నయం. టైర్లకి, డాష్‌బోర్డుకి వేసే పాలిష్ కూడా అంతే. గరుకు కాగితంతో అంచు రుద్దితే కొత్తగా అవుతుందనే చిట్కా కూడా నమ్మకండి. అద్దాన్ని తుడిచేది నిటారుగా కోసిన ఆ పదునైన అంచే, దాన్ని గుండ్రంగా అరగదీస్తే ఇంకేం మిగలదు.

ఎండలో ఆపినప్పుడు ఆర్మ్‌లు లేపి ఉంచాలా అని చాలామంది అడుగుతారు. రోజూ ఆఫీసు పార్కింగులో గంటలకొద్దీ లేపి ఉంచడం నాకు నచ్చదు. స్ప్రింగ్ అంతసేపు సాగి ఉంటుంది, ఎవరైనా తగిలితే ఆర్మ్ ఠపీమని అద్దం మీద పడుతుంది. నీడ చూసుకుని ఆపడం, లేదా కవర్ వేయడం మేలు. ఊరెళ్లి కారు చాలా రోజులు కదలదు అనుకుంటే మాత్రం బ్లేడ్లు పూర్తిగా ఊడదీసి లోపల పెట్టేయొచ్చు, అప్పుడు ఆర్మ్‌ల కొనలకి మందపాటి గుడ్డ చుట్టి, ఊడకుండా కట్టండి.

మార్చాలో వద్దో ఎలా తెలుస్తుంది

అద్దం, రబ్బరు రెండూ శుభ్రం చేసి, నీళ్లు చల్లి, వైపర్ వేసి చూడండి. ఎప్పుడూ ఒకేచోట సన్నటి గీత మిగులుతుంటే అక్కడ అంచు తెగిందని అర్థం, వేలితో తడిమితే తెలుస్తుంది. ఒక వైపు వెళ్లేటప్పుడు బాగా తుడిచి, తిరిగి వచ్చేటప్పుడు దడదడ ఎగిరిపడుతుంటే రబ్బరు ఒక పక్కకే బిగుసుకుపోయింది. అద్దం మీద వెడల్పాటి మేర అసలు తుడవకుండా వదిలేస్తుంటే రబ్బరు తప్పు కాకపోవచ్చు, రబ్బరుని పట్టుకునే ఫ్రేము వంగి ఉంటుంది లేదా ఆర్మ్ స్ప్రింగ్ నీరసించి ఉంటుంది. ఊళ్లో బాగానే ఉండి హైవే మీద వేగంలో మాత్రం వదిలేస్తోందా, గాలికి బ్లేడు లేస్తోంది. రబ్బరు మీద చిన్న చిన్న పగుళ్లు కనిపించినా, పట్టీ కొస ఊడి వేలాడుతున్నా ఇంకేం పరీక్షలు వద్దు, మార్చేయండి.

మన ఎండలకి ఆరు నెలల నుంచి ఏడాది దాటి పెద్దగా ఆశించకూడదు. సెల్లారులో, నీడలో ఉండే కారుకి ఇంకొంచెం ఎక్కువ.

కొనేటప్పుడు

డ్రైవర్ వైపు బ్లేడు పొడవు, పక్క సీటు వైపు బ్లేడు పొడవు చాలా కార్లలో వేరు వేరు. రెండూ విడివిడిగా, కొస నుంచి కొసకి టేపుతో కొలవండి. షాపుల్లో అంగుళాల్లో అడుగుతారు, ప్యాకెట్ మీద మిల్లీమీటర్లలో కూడా ఉంటుంది, 16 అంగుళాలు అంటే సుమారు 400, 20 అంటే 500, 24 అంటే 600. కారు మోడల్ ఒక్కటే చెబితే చాలదు, ఏ సంవత్సరం బండో కూడా చెప్పండి, ఒకే పేరుతో వచ్చిన పాత, కొత్త బండ్ల మధ్య సైజు మారుతుంటుంది. ఒక అంగుళం పెద్దది వేస్తే ఇంకా ఎక్కువ తుడుస్తుంది కదా అనుకోవద్దు, రెండు బ్లేడ్లూ ఒకదానికొకటి తగలొచ్చు, లేదా అద్దం పక్కనుండే కారు స్తంభానికి కొట్టుకోవచ్చు.

రకాల విషయానికొస్తే, ఇనుప కమ్మీల ఫ్రేముతో ఉండేది మామూలు బ్లేడు. చౌక, ఎక్కడైనా దొరుకుతుంది, కీళ్లలో మట్టి చేరితే బిగుసుకుంటుంది. ఫ్రేము లేకుండా వంపు తిరిగిన ఒకే ముక్కగా ఉండేది ఫ్లాట్ బ్లేడు. ఇది అద్దం మీద పొడవునా ఒకేలా ఒత్తుతుంది, వేగంలో గాలికి అంతగా లేవదు, జత వెయ్యి దాటొచ్చు. హైదరాబాద్ విజయవాడ మధ్య తరచూ తిరిగేవాళ్లకి, రాత్రి నడిపేవాళ్లకి నేను ఫ్లాటే చెబుతాను. ఊళ్లో తిరిగే కారుకి మామూలువి వేసుకుని ప్రతి జూన్‌కీ మార్చుకోవడం బాగుంటుంది. సిలికాన్ బ్లేడ్లు ఎండకి ఎక్కువ ఆగుతాయి, ధర కూడా అలాగే ఉంటుంది.

బాష్, వాలియో, డెన్సో లాంటి పేరున్న కంపెనీలవి గానీ, కారు కంపెనీ ఒరిజినల్ గానీ తీసుకోండి. రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కొనేటట్టయితే పాత బ్లేడు చేతిలో పట్టుకెళ్లడం అన్నిటికంటే మంచి పద్ధతి, ఆర్మ్ కొనకి బ్లేడు ఏ రకం హుక్‌తో తగులుతుందో కూడా చూపించొచ్చు. ప్యాకెట్ విప్పి రబ్బరు వంచి చూడండి. షాపులో ఏళ్లుగా పడున్నదైతే ముట్టుకోగానే గట్టిగా తగులుతుంది.

ఊడదీయడం, బిగించడం

ముందు కారు ఆపి, కీ తీసేయండి. కొన్ని కార్లలో వైపర్లు బానెట్ అంచు కింద దాక్కుని ఉంటాయి, వాటిని బలవంతంగా లేపితే పెయింటు పోతుంది. అలాంటి కార్లకి సర్వీస్ పొజిషన్ అని ఒకటి ఉంటుంది, ఎక్కువగా కీ ఆఫ్ చేసిన వెంటనే వైపర్ లివర్ కదిపితే ఆర్మ్‌లు అద్దం మధ్యకి వచ్చి ఆగుతాయి, మీ బండికి ఎలాగో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఒక ఆర్మ్ మీద ఇంకోటి ఎక్కి ఉంటే పైనున్నది ముందు లేపాలి. ఆర్మ్‌లు లేపి ఉన్నంతసేపూ బానెట్ తెరవకండి.

ఇప్పుడు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, ఆర్మ్ పడే చోట అద్దం మీద పరచండి. ఇది మాత్రం దయచేసి మానొద్దు. బ్లేడు తీసేశాక ఆర్మ్ కొనలో మిగిలేది ఉత్త ఇనుము, వెనకాల బలమైన స్ప్రింగ్. చెయ్యి జారి అది అద్దం మీద పడితే పగులు వస్తుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో చేసింది కాబట్టి ముక్కలై రాలిపోదు, కానీ పగులు పాకుతూ పోతుంది. ఐదు నిమిషాల పనికి అంత రిస్క్ అనవసరం.

మన కార్లలో ఎక్కువగా కనిపించేది గొడుగు పిడిలా వంగిన హుక్. ఆర్మ్ లేపి, బ్లేడుని దానికి అడ్డంగా తిప్పండి. హుక్ వంపు లోపల ఒక ప్లాస్టిక్ క్లిప్పు, దానికి చిన్న నాలుకలాంటిది కనిపిస్తుంది. దాన్ని బొటనవేలితో నొక్కి పట్టి, బ్లేడుని ఆర్మ్ మొదలు వైపు, అంటే కిందికి జరపండి. హుక్ నుంచి క్లిప్పు విడిపోతుంది. తర్వాత హుక్‌ని ఫ్రేము సందులోంచి తప్పించి బ్లేడు బయటికి తీయండి. రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి తన్నొద్దు, సందులో మట్టి ఇరుక్కుని ఉంటుంది, సబ్బు నీళ్లు రెండు చుక్కలు వేసి అటూ ఇటూ కదిపితే వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు తీసేముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. రెండు వైపులవీ ఒకేసారి విప్పకుండా, ఒకటి పూర్తిచేసి రెండోది పట్టుకుంటే అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి ఒకటి ఎదురుగా ఉంటుంది.

కొత్త బ్లేడు ప్యాకెట్లో రెండు మూడు రకాల క్లిప్పులు ఇస్తారు. పాతదాని పక్కన పెట్టి అదే ఆకారం ఎంచుకోండి. హుక్‌లోకి పోనిచ్చి, బ్లేడుని పైకి గట్టిగా లాగితే టక్‌మని వినపడాలి. వినపడ్డాక కూడా ఒకసారి కిందికి లాగి చూడండి, జరగకూడదు. రబ్బరు అంచు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీసేయండి, అది ఉంచేసి కొత్త బ్లేడు అస్సలు తుడవడం లేదనుకునేవాళ్లు చాలామంది. గాలి పట్టే రెక్క ఉన్న ఫ్లాట్ బ్లేడుని తిరగేసి బిగించకుండా కూడా చూసుకోండి. తువ్వాలు తీసి, ఆర్మ్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా దించండి, వదిలేయకండి. నీళ్లు చల్లి మొదట నెమ్మది వేగంలో, తర్వాత పూర్తి వేగంలో తిప్పి చూడండి.

కొత్త బ్లేడు, శుభ్రమైన అద్దం, అయినా ఒక వైపు దడదడమంటోందంటే ఆర్మ్ కొంచెం మెలిపడి ఉంటుంది. ఆటోమేటిక్ కార్ వాష్ బ్రష్షులు లాగినా, ఎవరైనా వైపర్ పట్టుకుని గుంజినా ఇలా అవుతుంది. దాన్ని సరిచేయడం చెయ్యి తిరిగిన మెకానిక్ పని, మీరు వంచబోతే విరగొచ్చు. స్విచ్ వేస్తే ఒక వైపరే కదిలి రెండోది కదలకపోతే ఆర్మ్ మొదట్లో నల్ల మూత కింద ఉన్న నట్టు వదులైందేమో చూడండి. రెండూ కదలకపోతే ముందు ఫ్యూజు చూడండి.

రబ్బరు పట్టీ ఒక్కటే మార్చే పద్ధతి కూడా ఉంది. ఫ్రేము గట్టిగా ఉంటే డబ్బు ఆదా. పాత పట్టీ ఏ కొస నుంచి బయటికి వస్తుందో, లోపలి రెండు సన్నటి ఇనుప పట్టీల వంపు ఎటు ఉందో చూసుకుని తీయండి, కొత్త రబ్బరులోకి అవే, అదే వంపుతో రావాలి. రబ్బరుని పట్టుకునే ఫ్రేము కొక్కేలన్నీ గాడిలో ఎక్కాయో లేదో లెక్కపెట్టుకోండి. ఒకటి తప్పినా వానలో పట్టీ జారిపోతుంది.

వెనక వైపర్ ఉన్న కార్లకి అది చిన్నది, ఆర్మ్ కూడా చాలావాటికి ప్లాస్టిక్కే. క్లిప్పు పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి అది ఆ బండికి సరిపోయేదే కొనండి, మెల్లగా తీయండి.

నీళ్ల డబ్బా, నాజిళ్లు

బానెట్ కింద వాషర్ డబ్బా మూత మీద అద్దం, నీళ్ల జల్లు బొమ్మ ఉంటుంది. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బాతో పొరపడకండి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆ రెండోదాని మూత అసలు ముట్టుకోవద్దు. ఫిల్టర్ నీళ్లు, అందులో వాషర్ లిక్విడ్ కలిపి పోయండి. ఆర్‌ఓ మెషిన్ వదిలేసే వృథా నీళ్లు వద్దు, వాటిలో ఉప్పు మెషిన్‌లోకి వెళ్లిన నీళ్లకన్నా ఎక్కువ, అద్దం మీదికి నీళ్లు చిమ్మే నాజిళ్లు మూసుకుపోతాయి. గిన్నెల సబ్బు కూడా వద్దు, నురగ వచ్చి మరక మిగులుస్తుంది. నాజిల్ మూసుకుపోతే సన్నటి గుండుసూదితో పొడిచి, అదే సూదితో జల్లు పడే చోటు అద్దం మధ్యకి తిప్పుకోవచ్చు. మోటారు చప్పుడు వస్తోంది కానీ నీళ్లు రావడం లేదంటే బానెట్ కింద పైపు చూడండి, ఎలుకలు కొరికి ఉంటాయి. డబ్బా ఖాళీగా ఉంటే లివర్ పట్టుకుని లాగుతూ ఉండకండి, ఆ చిన్న పంపు నీళ్లు లేకుండా తిరిగితే పోతుంది.

కోస్తా వాళ్లు, నెల్లూరు చిత్తూరు వైపు వాళ్లు అక్టోబరు మొదట్లో ఇంకోసారి చూసుకోవాలి. అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలూ తుపాన్లూ డిసెంబరు దాకా ఉంటాయి, 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. సముద్రం దగ్గర ఉప్పు గాలికి ఆర్మ్ కీళ్లు తుప్పు పడతాయి, చేత్తో లేపి దించి అవి బిగుసుకోలేదని చూసుకోండి.

దారి మధ్యలో, వానలో డ్రైవర్ వైపు బ్లేడు ఊడిపోతే వెంటనే పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, పక్క సీటు వైపు బ్లేడు తీసి డ్రైవర్ వైపు తగిలించండి. హుక్ ఎక్కువగా ఒకటే ఉంటుంది, పొడవు తక్కువైనా దారి కనపడేంత తుడుస్తుంది. ఖాళీ అయిన ఆర్మ్ కొనకి తువ్వాలు గానీ మందపాటి గుడ్డ గానీ గట్టిగా చుట్టి తాడుతోనో టేపుతోనో బిగించండి, లేకపోతే ఆ ఇనుము అద్దాన్ని గీరేస్తుంది. తర్వాత వైపర్ నెమ్మది వేగంలోనే ఉంచి, వాన తగ్గేదాకా ఆగగలిగితే ఆగి, దగ్గర్లో ఉన్న స్పేర్ పార్ట్స్ షాపు దాకా మెల్లగా వెళ్లండి. ఒక టేపు చుట్ట, పాత బ్లేడ్లలో కాస్త బాగున్నది ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి.